కంచె పడని ఊరు

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, షెర్వుడ్ అడవులకు తూర్పున ఉన్న లాక్స్‌టన్ చాలా చిన్న గ్రామం. అయినా యూరప్ వ్యవసాయ చరిత్ర చదివినవారికి ఈ పేరు సుపరిచితం. మధ్యయుగాల నాటి ఉమ్మడి పొలాల పద్ధతి, దాన్ని నడిపే గ్రామ న్యాయసభతో సహా, ఆ దేశంలో నేటికీ అమలులో ఉన్నది ఇక్కడే. ఊరి భూమిని కంచెలు లేని మూడు పెద్ద పొలాలుగా ఉంచి, ఒక్కో పొలాన్ని పొడవాటి చెక్కలుగా విభజించి, ప్రతి రైతుకూ మూడింటిలోనూ వాటా వచ్చేలా పంచడం ఈ పద్ధతి. మొదటి ఏడు శీతకాలపు గోధుమ, రెండో ఏడు వసంతకాలపు పైరు, మూడో ఏడు విశ్రాంతి అనే క్రమంలో పొలాలు వంతులవారీగా మారుతుంటాయి కనుక, పక్కవాడితో సంబంధం లేకుండా తన చెక్కలో తనకు తోచింది వేసుకునే వీలు ఏ రైతుకూ ఉండదు.

ఒకప్పుడు మధ్య ఇంగ్లండులోని అనేక గ్రామాలు ఇలాగే సాగు చేసుకునేవి. ఉమ్మడి భూములను సొంత కమతాలుగా మార్చి కంచెలు వేసుకునేందుకు 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసింది. వాటి కింద సుమారు 68 లక్షల ఎకరాలు కంచెల్లోకి వెళ్లాయి. దిగుబడి పెరిగిన మాట నిజమే. కానీ గడ్డి కోసుకునే, పశువులు మేపుకునే హక్కు తప్ప వేరే ఆస్తి లేని పేదలు ఆ హక్కునూ పోగొట్టుకున్నారు. లాక్స్‌టన్ భూమిలోనూ కొంత కంచెల్లోకి పోయింది గానీ, నడిమి పొలాలు మిగిలాయి.

1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో, అంటే విజేత విలియం రాజు చేయించిన భూముల లెక్కలో, ఈ ఊరి పేరుంది. నార్మన్లు కట్టిన కోట తాలూకు మట్టిదిబ్బ ఊరి ఉత్తరాన ఇప్పటికీ నిలిచే ఉంది. వీటన్నిటికంటే విలువైనది 1635లో మార్క్ పియర్స్ గీసిన పటం. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఆ పటంలో రెండువేలకు పైగా చెక్కలే కాక నాగలి దున్నేవారు, పశువులు, వేటగాళ్లు కూడా చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తారు. రైతుల ఇళ్లు పొలాల మధ్య విడివిడిగా కాక ఊరి వీధి వెంటే ఎందుకు బారుతీరాయో ఆ పటం చూస్తే తెలుస్తుంది: భూమి మూడు దిక్కులా చెదిరి ఉన్నవాడికి ఊరి నడుమ ఇల్లే అనుకూలం.

ఇంత చిన్న ఊళ్లో వసతులు కొద్దే: చర్చి, డవ్‌కోట్ ఇన్ అనే పబ్, దాని పక్కన సందర్శకుల కోసం చిన్న ప్రదర్శనశాల, తప్పిపోయి పొలాల్లో పడిన పశువులను కట్టడానికి పూర్వం వాడిన బందెలదొడ్డి. వీటిలో పబ్‌ను కేవలం కాలక్షేపం చోటు అనుకుంటే పొరపాటు. ఏటా నవంబరు చివర్లో జ్యూరీగా ఎంపికైన రైతులు ట్రాక్టరు ట్రైలరు ఎక్కి, కొత్తగా గోధుమ చల్లిన పొలానికి వెళతారు. చెరిగిపోయిన హద్దుల దగ్గర కొయ్య గూటాలు దిగగొడతారు; బండిబాటను గానీ, సైక్ అని పిలిచే దున్నకూడని గడ్డి పల్లాన్ని గానీ ఎవరైనా కలిపి దున్నారేమో కొలిచి చూస్తారు. వారం తరువాత అదే పబ్‌లో కోర్ట్ లీట్ అనే న్యాయసభ కూర్చుని, తప్పు చేసినవారికి కొద్దిపాటి జరిమానా వేసి, మరుసటి ఏటి జ్యూరీని నియమిస్తుంది. 1977 చట్టం ఇటువంటి పాత న్యాయసభల అధికారాలను రద్దు చేస్తూ లాక్స్‌టన్ సభను మినహాయించింది. జరిమానా సొమ్ము స్వల్పమే అయినా, తోటి రైతులు పొలంలో నిలబడి తప్పు పట్టడాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

సైక్‌లను దున్నకపోవడం వల్లనే, ఇతరచోట్ల కనుమరుగైన అడవిపూలతో నిండిన పచ్చికబయళ్లు ఇక్కడ బతికాయి. ప్రకృతి సంరక్షణ ఉద్దేశంతో పుట్టని ఒక సాగు నియమం ఆ పనిని ఇన్ని శతాబ్దాలు చేసిందంటే, నియమాన్ని అమలు చేసే మనుషులు ఊళ్లోనే ఉండడం అందుకు కారణం.

అందుకే యాజమాన్యం మారినప్పుడల్లా ఈ ఊరి గురించి ఆందోళన కలుగుతుంది. ఎర్ల్ మాన్వర్స్ 1952లో గ్రామాన్ని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మారు. 1981లో అది రాచరిక ఆస్తులను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్ చేతికి వచ్చింది. 2020లో ఆ సంస్థ కూడా వదులుకోవడంతో పూర్వపు భూస్వాముల వంశానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేటుకు తిరిగి చేరింది. ఇలాంటి సంపదను ప్రభుత్వ వ్యవస్థ చేజార్చుకోవలసింది కాదు. ఇప్పుడు పొలాల రూపాన్ని కాపాడితే చాలదు, కౌలు రైతుల సంఖ్యనూ కాపాడాలి. ఒక కమతం ఖాళీ అయితే దాన్ని పక్క కమతంలో కలపడం యజమానికి లాభసాటి కావచ్చు గానీ, అలా కలుపుకుంటూ పోతే జ్యూరీలో కూర్చునే రైతులు మిగలరు. కాబట్టి ఖాళీ అయిన ప్రతి కమతాన్నీ మరో రైతు కుటుంబానికే కౌలుకివ్వాలన్న షరతుకు చట్టబద్ధత కల్పించాలి.