బడిలో చేతికి చోటు

పలాస జీడి పరిశ్రమలో పనిచేయు స్త్రీ గట్టి తొక్కను చీల్చి, లోని పప్పు విరుగకుండ బయటికి తీయును. ఉద్దానపు తోటలలో కొబ్బరిపీచు తాడగును. బారువ, భావనపాడు తీరములందు మత్స్యకారులు వలకన్ను కొలత తప్పకుండ వల యల్లుదురు. టెక్కలికి అనతిదూరమున, సారవకోట మండలములోని బుడితి గ్రామమున కంచు, ఇత్తడి పాత్రలు రూపొందును. ఈ పనులన్నిటియందును కన్ను, చేయి, బుద్ధి ఒకటై నడచును. ఇట్టి యిండ్లనుండియే ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలలకు బాలబాలికలు వచ్చుచున్నారు.

బడిలో అడుగిడిన పిమ్మట ఆ చేతికి వ్రాత యొక్కటే పని. చిత్రలేఖనమునకును చేతిపనికిని కాలపట్టికలో గంట యున్నచోట సైతము, పదవ తరగతి పరీక్షలు సమీపించుకొలది అది గణితమునకో, విజ్ఞానశాస్త్రమునకో ధారపోయబడుట పరిపాటి. పబ్లిక్ పరీక్షలో ఆ విషయమునకు పత్రము లేదు. కావున పోయిన గంటను గురించి అడుగువారును అరుదు.

శాసనములలో ఈ విద్యకు చోటు లేకపోలేదు. ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులలో నూరుగురికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకును, పనివిద్యకును పార్ట్‌టైము బోధకు లుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము చెప్పుచున్నది. పాఠ్యవిషయములకును, కళలకును, వృత్తివిద్యకును నడుమ కఠినమైన గోడలు వలదని 2020 నాటి జాతీయ విద్యావిధానము పలికినది. లోపము ఆచరణలో నున్నది. అంతకంటె, బొమ్మ వినోదమనియు, చేతిపని చదువురానివారి పాలిటిదనియు తలచు అభిప్రాయములో నున్నది.

“బొమ్మ వేసిన కూడు దొరకునా?” అని తల్లిదండ్రు లడుగుదురు. ఉద్దానమున ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస చేరువ తీరము దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగినవి. ఏండ్ల తరబడి పెంచిన తోట ఒక్క రాత్రిలో పోయిన తండ్రి, బిడ్డ మార్కులను నమ్ముకొనుటలో తప్పు లేదు.

అయినను ఆ మార్కులకు సైతము చిత్రలేఖనము శత్రువు కాదు. తేలినీలాపురమునకు ఏటా వచ్చు గూడబాతును చూచి గీయు విద్యార్థి దాని ముక్కు పొడవును, క్రింది సంచిని, రెక్కల అమరికను గమనింపక తప్పదు. చూచితిననుకొన్నదానికిని, నిజముగా చూచినదానికిని గల భేదమును పెన్సిలు బయటపెట్టును. శాస్త్రాభ్యాసమునకు మొదటి మెట్టు అదియే.

రూపకల్పన యనగా అలంకారమని పలువురు భ్రమపడుదురు. జీడిపిక్క తొక్కలోని నూనె పనివారి చేతులను కాల్చును. ఆ చేతికి రక్షణ యెట్లు? పట్టుకొను పరికరము ఎట్లుండిన వ్రేళ్లకు నూనె తగులదు? విద్యార్థులు పనిని చూచి, పనిచేయువారి నడిగి, గీసి, అట్టతోనో వెదురుతోనో నమూనా చేసి, లోపము కనుగొని, మరల చేయవలెను. ఇదియే రూపకల్పన. తల్లి చేతిలోని బొబ్బ ఇట్లు బిడ్డకు పాఠమగును.

ఇక కూడు మాట. అమెరికా రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వమునకు 1958లో సమర్పించిన నివేదికలో సామాన్యమైన చెంబును ఉత్తమ రూపకల్పనకు ఉదాహరణగా చూపిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ వెలసినది; 2015లో ఆంధ్రప్రదేశమునకును అట్టి సంస్థ వచ్చినది. వాని ప్రవేశపరీక్షలు గీయు నేర్పును, పరిశీలనను, ఊహను కోరును. నగరపు బిడ్డ రుసుము చెల్లించి వాని నేర్చుకొనగలడు. కవిటి బిడ్డకో, వజ్రపుకొత్తూరు బిడ్డకో బడి తప్ప వేరు దారి లేదు. చెంబులను పోతపోయు జిల్లాలోని పిల్లలకు ఆ తలుపు మూసియుండుట న్యాయము కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము గ్రామప్రాంతపు పిల్లలు సగము పూట బడిలోను, తక్కిన పూట కులవృత్తిలోను గడుపు పథకము తెచ్చినది. అది కులమును బిడ్డ మెడకు కట్టునని జనులు ఎదిరింపగా 1954లో రద్దయినది. వారి భయము సహేతుకము. కావున బడిలో చేతిపని తండ్రి వృత్తికి వారసత్వము కారాదు. ఉద్యోగి కుమార్తె తాడు పేనవలెను. మత్స్యకారుని కుమారుడు పాత్రకు రూపము గీయవలెను. అందరును అన్నియు నేర్చినపుడే ఏ పనియు హీనము కాదను మాట తరగతిలో నిజమగును.

దీనికి గొప్ప ధనము అక్కరలేదు. బుడితి పనివానిని ఒకనాడు గురుస్థానమున కూర్చుండబెట్టవచ్చును. అందమైన తుదిబొమ్మకు మాత్రమే గాక, చెరిపి గీసిన ప్రయత్నములున్న పుస్తకమునకును మార్కులు వేయవచ్చును. అన్నిటికంటె ముందు, వారమునకు లభించు ఆ ఒక్క గంటను నిలుపవలెను. పరీక్షల పేరిట దానిని తీసికొనబోవు ఉపాధ్యాయుడు ఒక్క క్షణమాగి, అది ఏ బిడ్డ చేతినుండి పోవుచున్నదో చూచుకొనవలెను.