తప్పును తుడిచివేయకండి, చదవండి!



కంప్యూటర్ ముందు కూర్చుని మీరొక చిన్న ప్రోగ్రాం రాశారనుకోండి. దాన్ని నడవమని ఆజ్ఞాపించారు. తెరమీద జవాబుకు బదులు రెండు మూడు వరుసల ఇంగ్లీషు వచ్చి పడింది. అప్పుడు మీలో చాలామంది చేసే పని ఒకటే. ఆ వరుసలను చదవకుండానే తెరను తుడిచివేస్తారు. పుస్తకంలో చూసి ప్రోగ్రాంను మొదటినుంచి మళ్ళీ టైపు చేస్తారు. అప్పటికీ నడవకపోతే పక్కవాడి ప్రోగ్రాంను అడిగి తెచ్చుకుంటారు. రికార్డు పుస్తకంలోకి మాత్రం ఒక్క తప్పు కూడా లేని ప్రోగ్రాం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కుతుంది. మార్కులూ వస్తాయి.

ఇది మీ ఒక్కరి లోపం కాదు. ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రాం నడిచిందా లేదా అనే చూస్తారు. "ఏ తప్పు వచ్చింది? అది ఎక్కడ వుంది? ఎలా పట్టుకున్నావు?" అని అడగడం అరుదు. నా అభిప్రాయంలో ఈ మూడు ప్రశ్నలే అసలు పరీక్ష. ఒక్కసారికే నడిచిన ప్రోగ్రాం మీకు టైపు చేయడం నేర్పుతుంది. నడవని ప్రోగ్రాం ఆలోచించడం నేర్పుతుంది. ఈ మాట ఎంతవరకు నిజమో పెర్ల్ అనే కంప్యూటర్ భాష సహాయంతో పరిశీలిద్దాం.

పెర్ల్‌ను 1987లో లారీ వాల్ అనే అమెరికన్ తయారుచేశాడు. ఆయన భాషాశాస్త్రం చదువుకున్నవాడు. పెద్ద పెద్ద ఫైళ్ళలోని మాటలను వెదకడం, వేరుచేయడం, లెక్కకట్టడం దీనికి వెన్నతో పెట్టిన విద్య. మానవ జన్యుపటం తయారుచేసే మహాప్రయత్నంలో 1990ల శాస్త్రజ్ఞులు సమాచారాన్ని మలచుకోవడానికి దీన్ని బాగా వాడుకున్నారు. దీనికి డబ్బు చెల్లించనక్కరలేదు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది.

"ఇప్పుడందరూ పైథాన్ నేర్చుకుంటున్నారు గదా, పెర్ల్ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. పెర్ల్‌కు ఓర్పు ఎక్కువ. గట్టిగా చెప్పకపోతే మన తప్పులు చాలావాటిని చూసీ చూడనట్లు ఊరుకుంటుంది. అందువల్లనే తప్పులు పట్టే విద్య నేర్చుకోవడానికి ఇది మంచి బడి. ఇక్కడ నేర్చిన విద్య ఏ భాషలోనైనా పనికివస్తుంది.

మొదటి సంగతి. తెరమీద వచ్చిన సందేశం తిట్టు కాదు, చిరునామా. అందులో సాధారణంగా ఏ రకం తప్పు జరిగిందో, ఏ ఫైలులో ఎన్నవ వరుసలో జరిగిందో వుంటుంది. ఆ తప్పు ఏ మాట దగ్గర కనిపించిందో కూడా తరచుగా వుంటుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళిన రోగి "ఇక్కడ నొప్పి" అని వేలు పెట్టి చూపించడం వంటిదే ఇది. అయితే నొప్పి వున్నచోటే రోగం వుండాలని లేదు.

ఒక ఉదాహరణ చూడండి. పెర్ల్‌లో ప్రతి వాక్యం చివర సెమీకోలన్ పెట్టాలి. 6వ వరుసలో మీరు దాన్ని మరచిపోయారు. పెర్ల్ మాత్రం 7వ వరుసలో తప్పు వుందంటుంది. 7వ వరుసను ఎన్నిసార్లు చూసినా అందులో లోపం కనబడదు. "కంప్యూటరే పొరబడింది" అని మీరు విసుక్కుంటారు. కాని ఒక్కసారి పెర్ల్ స్థానంలో నిలబడి చదవండి. 6వ వరుస అయిపోయినా వాక్యం ముగిసినట్లు గుర్తు రాలేదు. కనుక వాక్యం ఇంకా సాగుతున్నదనుకుని అది 7వ వరుసలోకి అడుగుపెట్టింది. అక్కడి మాటలు ముందరి మాటలతో అతకలేదు. తన అనుమానం మొదలైన చోటును అది నిజాయితీగా చెప్పింది. కనుక సూచించిన వరుసలో ఏమీ దొరకకపోతే దాని పై వరుసను చూడాలి. పది తప్పులు ఒక్కసారే వచ్చిపడితే మొదటిదాన్ని మాత్రమే సరిదిద్ది మళ్ళీ నడిపించాలి. చాలాసార్లు మొదటి తప్పు పోగానే దానివెంట వచ్చిన మిగతావీ మాయమవుతాయి.

ఇంతవరకు చెప్పినవి అరిచే తప్పులు. వీటివల్ల పెద్ద ప్రమాదం లేదు. మౌనంగా వుండే తప్పులే భయంకరమైనవి.

మీ తరగతి మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం రాశారనుకోండి. "మొత్తం" అనే పేరుగల చలరాశిలో మార్కులన్నీ కూడారు. తరువాత భాగహారం చేసేచోట తొందరలో ఆ పేరులోని రెండు అక్షరాలు తారుమారు చేశారు. పెర్ల్ ఏమంటుంది? ఏమీ అనదు! ఇదేదో కొత్త చలరాశి కాబోలు అనుకుని, దానిలో ఏమీ లేదు గనుక సున్నాగా లెక్కవేసి, సగటు సున్నా అని చెబుతుంది. సగటు సున్నా అంటే ఎవరైనా అనుమానిస్తారు. కాని అదే పొరపాటు పెద్ద లెక్కలో ఒక మూల జరిగితే? ఉపకారవేతనానికి పిల్లలను ఎంపికచేసే జాబితాలో ఒక్క పాఠం మార్కులు మాత్రమే కలవకుండా పోతే? జాబితా చూడముచ్చటగానే వుంటుంది. రావలసిన ఉపకారవేతనం ఎవరో ఒక అమ్మాయికి రాకుండా పోతుంది. కారణం ఆ అమ్మాయికీ తెలియదు, జాబితా తయారుచేసినవారికీ తెలియదు.

అందుకే పెర్ల్ ప్రోగ్రాం మొదట్లో రెండు వాక్యాలు తప్పనిసరిగా రాయాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఒకటి "యూజ్ స్ట్రిక్ట్", రెండవది "యూజ్ వార్నింగ్స్". మొదటిది వుంటే ప్రతి చలరాశిని ముందుగా "మై" అనే మాటతో పరిచయం చేయాలి. పరిచయం చేయని పేరు కనబడితే పెర్ల్ ప్రోగ్రాంను నడపనే నడపదు. రెండవది వుంటే అనుమానం కలిగిన చోటల్లా హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరిక అర్థంకాకపోతే "యూజ్ డయాగ్నస్టిక్స్" అని చేర్చండి. అది మాస్టారిలాగా వివరించి చెబుతుంది. కొందరు "హెచ్చరికలు ఎక్కువగా వస్తున్నాయి" అని ఆ వాక్యాలను తీసివేస్తారు. జ్వరం చూపిస్తున్నదని థర్మామీటరును పగులగొట్టడం కాదా ఇది?

ఇప్పుడు మరొక ప్రోగ్రాం రాద్దాం. "సౌరకుటుంబంలో అతి పెద్ద గ్రహం ఏది?" అని అడిగి, జవాబును "గురుడు" అనే మాటతో పోల్చి, సరిపోతే "శభాష్" అనాలి. పేర్లను ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేద్దాం. లెక్కల్లో అలవాటు గనుక పోల్చడానికి రెండు సమాన గుర్తులు, అంటే == పెట్టారు. గురుడు అని కొడితే "శభాష్" అన్నది. చాలా సంతోషం. ఈసారి శుక్రుడు అని కొట్టి చూడండి. దానికీ "శభాష్"! బుధుడికీ "శభాష్"!

ఎందుకిలా? పెర్ల్‌లో ఆ గుర్తు అంకెలను పోల్చడానికే. మాటలను ఇచ్చి పోల్చమంటే అది వాటిని అంకెలుగా మార్చబోతుంది. గ్రహాల పేర్లలో అంకెలు లేవు గనుక రెండువైపులా సున్నాయే మిగులుతుంది. సున్నా సున్నాకు సమానమే గదా! మాటలను పోల్చడానికి "ఈక్యూ" అనే వేరే గుర్తు వుంది. హెచ్చరికలు అడిగివుంటే పెర్ల్ ఈ సంగతిని మొదటిసారే చెప్పివుండేది.

సరే, గుర్తు మార్చాం. ఇప్పుడు శుక్రుడు అంటే తప్పన్నది, బాగానే వుంది. కాని గురుడు అన్నా తప్పే అంటున్నది! ఈసారి సందేశం లేదు, హెచ్చరికా లేదు. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. కాని విజ్ఞానశాస్త్రం చదివేవారు చేయవలసింది అప్పుడే మొదలవుతుంది. కంటికి కనబడనిదాన్ని కనబడేటట్లు చేయాలి. పోల్చడానికి ముందు, వచ్చిన జవాబును రెండు బ్రాకెట్ల మధ్య అచ్చువేయమని చెప్పండి. మొదటి బ్రాకెట్టు, గురుడు ఒక వరుసలో వస్తాయి. రెండవ బ్రాకెట్టు కింది వరుసలోకి జారిపోతుంది! అంటే మాట చివర ఏదో వున్నది. అదేమిటి? మీరు జవాబు కొట్టి ఎంటర్ మీట నొక్కారే, ఆ "కొత్త వరుస" గుర్తు. కంప్యూటర్ దృష్టిలో అదీ ఒక అక్షరమే. దాన్ని కత్తిరించడానికి పెర్ల్‌లో "చాంప్" అనే మాట వుంది. అది చేర్చగానే ప్రోగ్రాం సరిగా నడుస్తుంది.

ఇందులో ఇంకొక తమాషా వుంది. మొదట == పెట్టినప్పుడు మీ జవాబు గురించి వచ్చే హెచ్చరికను శ్రద్ధగా చదివితే, జవాబు చివర ఒక ఏటవాలు గీత, దాని పక్కన ఎన్ అక్షరం కనిపిస్తాయి. కొత్త వరుసకు పెర్ల్ వాడే గుర్తు అదే. అంటే రెండవ తప్పు ఆనవాలు మొదటి సందేశంలోనే వున్నదన్నమాట. చదివినవారికి రెండూ దొరుకుతాయి, తుడిచినవారికి ఏదీ దొరకదు.

ప్రోగ్రాం పెద్దదైతే తప్పు ఎక్కడ వెదకాలి? వినాయకచవితి పందిట్లో 64 బల్బుల సీరియల్ తోరణం వెలగడం లేదనుకోండి. తెలివైన ఎలక్ట్రీషియన్ మొదటి బల్బునుంచి ఒక్కొక్కటి విప్పుకుంటూ పోడు. సరిగ్గా మధ్యలో పరీక్షిస్తాడు. అక్కడిదాకా కరెంటు వస్తుంటే లోపం అవతలి సగంలో వుంది. 64 కాస్తా 32, ఆ తరువాత 16, 8, 4, 2, 1. ఆరు పరీక్షలతో పని అయిపోయింది. ప్రోగ్రాంలోనూ అంతే. సగం దారిలో చలరాశి విలువను అచ్చువేయించి చూడండి. అక్కడికి సరిగా వుంటే లోపం కింది సగంలో వుంది.

మరొక నియమం మీకు లోలకం ప్రయోగంలోనే నేర్పారు. పొడవునూ బరువునూ ఒకేసారి మారిస్తే ఆవర్తనకాలం దేనివల్ల మారిందో తేలదు. ప్రోగ్రాంలో కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్చి నడిపిస్తే, నడిచినా ఎందుకు నడిచిందో మీకు తెలియదు. తెలియకుండా నడిచిన ప్రోగ్రాం తెలియకుండానే మళ్ళీ ఆగిపోతుంది.

"ఈ శ్రమంతా ఎందుకు? ఇప్పుడు అడిగితే ప్రోగ్రాం రాసిపెట్టే, తప్పులు దిద్దే కృత్రిమ మేధ వచ్చింది గదా" అనేవారున్నారు. వచ్చింది, మంచిదే. వాడుకోండి. కాని అది ఇచ్చిన ప్రోగ్రాం అరవకుండా నడిచినంత మాత్రాన అది సరైనదని ఎవరు చెప్పాలి? 1999 సెప్టెంబరులో అమెరికా నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరకు చేరి నాశనమైపోయింది. భూమి మీద ఒక ప్రోగ్రాం రాకెట్ తోపుడును పౌండు-సెకండ్లలో ఇచ్చింది. దాన్ని అందుకున్న ప్రోగ్రాం అవి న్యూటన్-సెకండ్లనుకున్నది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లు. నౌక అనుకున్నదానికన్న చాలా కిందికి దిగిపోయింది. ఆ ప్రోగ్రాంలు "తప్పు" అని ఆగిపోలేదు. వాటికి కనబడినవి అంకెలు మాత్రమే. ఆ అంకె వెనుక వున్న ప్రమాణం మనిషి చూడవలసింది. మీ ప్రోగ్రాంను కూడా ముందు మీరు చేత్తో కట్టగల చిన్న లెక్కతో పరీక్షించండి. ముగ్గురి మార్కుల సగటు కాగితం మీద కట్టి, కంప్యూటర్ కూడా అదే చెబితేనే ముప్పైమందివి ఇవ్వండి.

కంప్యూటర్ తప్పులను ఇంగ్లీషులో "బగ్", అంటే పురుగు, అంటారు. ఇంజనీర్లు ఆ మాటను కంప్యూటర్లకు పూర్వమే వాడేవారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 అనే యంత్రంలో నిజంగానే ఒక చిమ్మట దొరికింది. అక్కడివారు దాన్ని దులిపి పారవేయలేదు. ఎన్ని గంటలకు, యంత్రంలో ఏ భాగంలో దొరికిందో రాసి, ఆ పురుగును లాగ్ పుస్తకంలో అంటించారు. ఆ పుట ఇప్పటికీ అమెరికాలో మ్యూజియం సొత్తుగా భద్రంగా వుంది. ఆనాడు ఆ యంత్రం సరిగా కట్టిన లెక్కలు మనలో ఎవరికీ గుర్తులేవు. దొరికిన తప్పు మాత్రం గుర్తుండిపోయింది.

కనుక నా సూచన ఇది. మీ రికార్డు పుస్తకంలో ప్రతి ప్రోగ్రాంకు ఎదురుగా ఒక పేజీ తప్పుల కోసం వదలండి. వచ్చిన సందేశం, మీ అనుమానం, చేసిన పరీక్ష, తేలిన సంగతి అందులో నాలుగు వరుసల్లో రాయండి. ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. నడిచిన ప్రోగ్రాంకు ఎన్ని మార్కులు వేస్తారో, ఈ పేజీకి కూడా అన్ని మార్కులు వేయండి. అప్పుడు పక్కవాడి ప్రోగ్రాం తెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ వుండదు. ఎందుకంటే ప్రోగ్రాంలు ఒకేలాగా వుండవచ్చు గాని, ఇద్దరి తప్పుల పేజీలు ఒకేలాగా వుండవు.

ఈసారి తెరమీద సందేశం వచ్చినప్పుడు చేతిని మీట మీదనుంచి తీసి, పెన్సిలు పట్టుకోండి.