గృహవిజ్ఞానము: చల్లని గాలియు, మంచి గాలియు



గత వైశాఖమాసమున మా ఇబ్రహీంపట్నములో నొక వివాహమునకు బోయితిమి. బయట ఎండ నిప్పులు చెఱుగుచున్నది. కిటికీలన్నియు మూసిన కల్యాణమండపములో మాత్రము మాఘమాసపు చలి! వచ్చిన వారెల్లరు "ఎంత హాయి!" అని కూర్చుండిరి. తలంబ్రాల వేళకు ఆ హాయి తగ్గినది. హోమధూమమును, పూలవాసనయు, వందలమంది ఊపిరియు ఒకటిగా గలిసెను. కొందఱికి తల బరువెక్కినది, పసిబిడ్డలు చిరచిరలాడిరి. మా పినతల్లిగారు నా చేయిపట్టుకొని, "అమ్మాయీ, చల్లగానే యున్నది గాని, ఊపిరాడదేమే?" అని యడిగిరి.

ఈ ప్రశ్నకు సమాధానము మనలో ప్రతి గృహిణియు తెలిసికొనదగినది.

మొదట, ఈ యంత్రము చలిని పుట్టించునది కాదు; లోపలి వేడిని బయటికి మోయునది. మట్టికుండపై చెమర్చిన నీరు ఆవిరియగుచు కుండలోని వేడిని గొనిపోవుట మన మెఱిగినదే. యంత్రపు గొట్టములలోని ద్రవమును అట్లే గదిలోని వేడిని గ్రహించి ఆవిరియగును. ఆ ఆవిరిని కంప్రెసరు గట్టిగా నొత్తి బయటికి బంపగా, అది తన వేడిని అచట విడిచి, మరల ద్రవమై లోనికి వచ్చును. ఈ పని యెడతెగక జరుగుచుండును.

మన మండలములోనే ఆదిబట్లయందు పెద్ద కార్యాలయములు లేచినవి. మన యిండ్ల ఆడపిల్లలెందఱో అట్టి భవనములలో పని చేయుచున్నారు. సాధారణముగా నంత పెద్ద భవనములలో గదికొక యంత్రము పెట్టరు. ఒకచోట చిల్లరు అను మహాయంత్రముండి, నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబఱచును. ఆ నీరు ప్రతి అంతస్తుకు బోవును. అచట పెద్ద పంకా యొకటి గాలిని జల్లెడవంటి ఫిల్టరుగుండను, ఆ చల్లని గొట్టములమీదుగను త్రోసి గదులకు బంపును. లోపలినుండి తీసిన వేడి, మేడమీది గోపురములో కొంత నీరు ఆవిరియగుటచే ఆకాశమున గలియును. ఇది మన మట్టికుండ న్యాయమే.

ఇక అసలు సంగతి. గదులనుండి తిరిగివచ్చిన గాలిలో నధికభాగమును మరల చల్లార్చి పంపుదురు. దానితో బయటి క్రొత్తగాలిని కొంత కలుపవలెను. కాని వేసవిలో బయటిగాలి 40 డిగ్రీల వేడితో వచ్చును. దానిని చల్లార్చుటకు విద్యుత్తు ఖర్చగును. కావున పొదుపు గోరువారు ఆ ద్వారమును కొంత మూయుదురు, ఒక్కొక్కప్పుడు పూర్తిగనే మూయుదురు. అప్పుడు చలి తగ్గదు గనుక ఎవరికిని అనుమానము రాదు. గోడకు దగిలించు చిన్న యంత్రములు సాధారణముగా గదిలోని గాలినే త్రిప్పి త్రిప్పి చల్లార్చును, క్రొత్తగాలిని తేవు.

మండపమువారు "ఇన్ని టన్నుల ఏ.సి." అని చెప్పుకొందురు. టన్ననగా, ఒక టన్ను మంచుగడ్డ ఒక్క దినమున కరగుటకు గ్రహించునంత వేడి. అది వేడికి కొలత, గాలికి కాదు!

ఈ యుపేక్ష తలనొప్పితో ముగియునది కాదు. 2020 జనవరి 24వ తేదీన చీనాలోని గ్వాంగ్జౌ నగరమున, కిటికీలు లేని యొక భోజనశాలలో మూడు కుటుంబములవారు ప్రక్కప్రక్క బల్లలయొద్ద భుజించిరి. వారిలో పదిమందికి కోవిడ్ సోకినది. పరిశోధకులు పిదప కొలిచి చూడగా, అచట మనిషికి సెకనుకు సుమారొక లీటరు క్రొత్తగాలి మాత్రమే అందుచుండెనని తేలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో, ఇండ్లును, వైద్యశాలలును గాని యిట్టి స్థలములకు 10 లీటర్లుండవలెనని చెప్పినది.

మంచిగాలికి ఖర్చు తప్పదు గదా యందురేమో. పోచారములో ఇన్ఫోసిస్ సంస్థవారు 2011లో చేసిన పని చూడుడు. ఆ పోచారము 2016 వఱకు మన రంగారెడ్డి జిల్లాలోనిదే. ఇప్పుడది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. అచటి యొక భవనములో సగమునకు వాడుకలోనున్న పద్ధతిని మెఱుగుపఱచి యమర్చిరి. రెండవ సగములో పైకప్పు కాంక్రీటులోనే చల్లనినీటి గొట్టములు పొదిగిరి. క్రొత్తగాలిని వేఱుగా నిచ్చిరి. చల్లార్చుపని నీటిది, ఊపిరిపని గాలిది. రెండేండ్లు కొలువగా, ఈ రెండవ సగమునకు విద్యుత్తు సుమారు మూడవవంతు తక్కువ పట్టినది. రెండు పనులను విడదీసినచో పొదుపును, ఆరోగ్యమును కలసి వచ్చునని దీనివలన దెలియుచున్నది.

కావున మండపము మాటాడునప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: క్రొత్తగాలి యెటునుండి వచ్చును? చెడుగాలి యెటు పోవును? ఫిల్టరు నెప్పుడు కడిగిరి? బొగ్గుపులుసు గాలిని కొలుచు చిన్న పరికరములు అంగళ్లలో దొరకును. బయట అది పదిలక్షల పాళ్లలో 420కి కొంచెము పైన చూపును. లోపల 1000 దాటినచో క్రొత్తగాలి చాలదని గ్రహింపవలెను.

మా పినతల్లిగారి మనుమరాలికి వచ్చు మాఘమున వివాహము. మొన్న మండపము చూడబోయి, ఆమె మొదట కిటికీలు తెఱచునో లేదో చూచిరి. నిర్వాహకుడు నవ్వి, "అమ్మా, తెఱచినచో చల్లదనము పోవును" అనెను.

"పోనీ నాయనా, పిల్లలకు ఊపిరాడవలెను గదా" అనిరామె.