గౌరి ఖరీదు

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మీరు అప్పుడప్పుడు ఈ పేజీలో మీ అల్పాకాల మాట ఎత్తి వదిలేస్తారు. అసలవి ఎలా వుంటాయి? వాటి మీద లాభం ఎంత? మావారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఆ డబ్బుతో ఇలాంటిదేదైనా పెడితే బాగుంటుందేమోనని వారి ఆలోచన" అని. ఉత్తరం మావారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వున్నదున్నట్టు రాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

అల్పాకా ఒంటె కుటుంబంలోది. మూపురం మాత్రం వుండదు. మేకకంటే పెద్దది, ఆవుకంటే బాగా చిన్నది. నిడుపాటి మెడ, పెద్ద పెద్ద కళ్ళు, ఒళ్ళంతా దూది పింజలాంటి ఉన్ని. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు. వేల ఏళ్ళ కిందటే అక్కడివాళ్ళు దీన్ని మచ్చిక చేసుకున్నారు. ఇప్పటికీ ప్రపంచంలోని అల్పాకాలలో ఎక్కువభాగం పెరూ దేశంలోనే వున్నాయి. గడ్డి తింటుంది, నెమరు వేస్తుంది. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందు ఉన్ని కత్తిరించాలి. కోపం వస్తే ఉమ్ముతుంది. మనమీద కాదు, దాణా దగ్గర పోటీకి వచ్చిన తోటిదాని మీద. మనం అడ్డంగా నిలబడితే అది మన ఖర్మ. ఇంకొక గొప్ప గుణం ఏమిటంటే మందంతా ఒకేచోట పెంటికలు వేస్తాయి. పుట్టింట్లో గేదెల కొట్టం వూడ్చినదాన్ని కనుక ఈ ఒక్క గుణానికే నేను వాటికి దణ్ణం పెట్టాను.

ఇక లాభం సంగతి. అమెరికాకు ఇవి 1984లో చెప్పుకోదగ్గ సంఖ్యలో రావడం మొదలైంది. 1998 నుంచి బయటి దేశాల జంతువులను ఇక్కడి వంశావళి పుస్తకంలో చేర్చుకోవడం మానేశారు. సరుకు తక్కువ, మోజు ఎక్కువ. ధరలు కొండెక్కాయి. టెలివిజనులో ప్రకటనలు కూడా వచ్చేవి. 2007లో మావారు ఉద్యోగం మానేసి, ఈ ఒహాయో రాష్ట్రంలో ఆరెకరాల పొలమూ, మూడు ఆడ అల్పాకాలూ కొన్నారు. ఒక్కొక్కటి పన్నెండువేల డాలర్లు. అమ్మినాయన మా వంటింటి బల్లమీదే కాగితం పరిచి, పదేళ్ళలో మంద ఎంతవుతుందో లెక్క వేసి చూపించాడు. నేను కాఫీ ఇచ్చాను. లెక్కలో తప్పు కనబడలేదు.

తప్పు లెక్కలో లేదు, లెక్క మొదలుపెట్టిన చోట వుంది. అల్పాకా పదకొండున్నర నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది. అందులో సగం మగవి. మగవాటిలో విత్తనానికి వుంచుకునేవి ఏ ఒకటో రెండో. పోనీ, ఆడపిల్లే పుట్టిందనుకోండి. దాన్ని కొనేవాడు ఉన్ని కోసం కొనడం లేదు. దానికి పుట్టే పిల్లల్ని ఇంకొకరికి అమ్ముకుందామని కొంటున్నాడు. ఆ ఇంకొకరూ అంతే. ఈ ధరలకూ, ఉన్ని మీద వచ్చే రాబడికీ పొంతన లేదని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 2005లోనే లెక్కగట్టి చెప్పారు. మేము చదివింది ప్రకటనలు మాత్రమే. 2012 వచ్చేసరికి పన్నెండువేల డాలర్ల జంతువును మూడువందలకు అడిగేవాడు కూడా బేరమాడేవాడు. ఆ రోజుల్లోనే మన దేశంలో ఈము పక్షులు పెంచినవాళ్ళ గతి ఏమైందో మీకు తెలుసు. పక్షి వేరు, జంతువు వేరు, కథ ఒకటే.

మా మూడింట్లో పెద్దదానికి నేను గౌరి అని పేరు పెట్టుకున్నాను. కాగితాలలో దానికి బారెడు ఇంగ్లీషు పేరు వుండేది. ఆ ఏడు, అంటే 2012 సెప్టెంబరులో, మావారు వాళ్ళ అమ్మగారి సంవత్సరీకానికి తెనాలి వెళ్ళారు. ఇక్కడి అడవి జింకల మెదడు పొరల్లో ఒకరకం పురుగు వుంటుంది. దానివల్ల జింకకు బాధ లేదు. జింక పెంటికల మీదుగా నత్తల్లోకీ, నత్తతో కలిసిన గడ్డి తింటే అల్పాకాలోకీ వెడుతుంది. అక్కడినుంచి వెన్నుపాములోకి పాకి కాళ్ళు పడగొడుతుంది. అది రాకుండా నెలకోసారి సూదిమందు వెయ్యాలి. ఆ పని మావారిది. సూది పట్టుకుంటే నాకు చెయ్యి వణుకుతుంది. నాలుగు వారాలేగా, వచ్చాక ఆయనే వేస్తారులే అని వూరుకున్నాను. తెనాలిలో పనులు తెమలక ప్రయాణం ఇంకో నెల వెనక్కి జరిగింది. ఇక్కడ వానలు విడవకుండా పట్టుకున్నాయి.

అక్టోబరులో ఒక ఉదయం దాణా బక్కెట్టు చప్పుడుకు అన్నీ వచ్చాయి, గౌరి రాలేదు. వెళ్ళి చూద్దును కదా, వెనక కాళ్ళు రెండూ ఒకపక్కకు పడేసుకుని గడ్డిలో కూలబడి వుంది. లేవబోయి పడిపోయింది. మిగతా రెండూ దాణా వదిలి వచ్చి దాని పక్కన మోకాళ్ళు మడిచి కూర్చున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, అంతకుముందు రెండురోజులుగా గౌరి దాణాకు అందరికంటే ఆఖరున వస్తోందని. చూశాను, కాని ఏమీ అనుకోలేదు. వేటజంతువులకు భయపడి బతికిన జాతి కనుక, నిలబడే ఓపిక వున్నంతవరకు నొప్పి పైకి కనబడనివ్వవు. మా అమ్మ రోజూ సాయంత్రం పాలు తీసే ముందు గేదె ఎదుట ఒక్క నిమిషం వూరికే నిలబడేది. "ఏం చూస్తావే?" అంటే, "నెమరేస్తోందో లేదో" అనేది. ఆ ఒక్క నిమిషం నేను నిలబడలేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. అయిదురోజులు నోటిమందు, వాపు తగ్గడానికి సూదులు, ఒరిగిపోకుండా ఇరుపక్కలా ఎండుగడ్డి మోపులు. "మొత్తం ఏడువందలు దాటుతుంది. లేస్తుందని మాట ఇవ్వలేను. బజార్లో దీని ఖరీదు మూడువందలు. వద్దంటే బాధ లేకుండా నిద్రపుచ్చుతాను. నిర్ణయం మీది" అంది.

తెనాలికి ఫోను చేశాను. సూది వెయ్యలేదన్న మాట ముందుగా నేనే చెప్పేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. "ఎంతవుతుందంది?" అన్నారు. చెప్పాను. "మనం పెట్టిన పన్నెండువేలూ ఎటూ పోయాయి. కొనమని అది మనల్ని అడగలేదు కదా. మేత తింటోందా?" అన్నారు.

"నా చేత్తో పెడితే తింటోంది."

"అయితే పెట్టు."

పెట్టాను. ఒంటరిగా వుంచితే అల్పాకా బెంగతో చిక్కిపోతుంది, తోటివాటిని దగ్గరే వుంచమంది డాక్టరమ్మ. ఆ మూడింటితోపాటు నేనూ కొట్టంలోనే పడుకున్నాను. రాత్రంతా అవి ముక్కుతో సన్నగా రాగం తీస్తూనే వున్నాయి. సూదులు కూడా నేనే వేశాను. మొదటిరోజు చెయ్యి వణికింది, మూడోనాటికి వణకలేదు. తొమ్మిదోనాడు పొద్దున్నే గౌరి తనంతట తనే లేచి నిలబడింది. ఎడమ వెనక కాలు మాత్రం చివరిదాకా ఈడ్చుకునే నడిచింది. దానికి మళ్ళీ చూడి కట్టించలేదు.

కనుక, సోదరీ, ఆండీస్ చలికి పుట్టిన జీవాలు ఇవి. ఒహాయో వేసవికే పంకాలు పెట్టి, పొట్ట తడుపుతూ వుండాలి. గుంటూరు ఎండకు తాళవు. కాని అల్పాకాలైనా, మరేదైనా, మీవారిని ఒక్క మాట ఆలోచించమనండి: మీరు పెంచినదాన్ని చిట్టచివర ఎవరు తింటారు, ఎవరు కట్టుకుంటారు? "ఎవరూ కాదు, ఇంకొక పెంపకందారు కొంటాడు" అన్నదే జవాబైతే, ఆ డబ్బు బాంకులోనే వుండనివ్వండి. ఇంకొకటి. లెక్క వేసే కాగితంలో రోజూ పొద్దున ఎవరు నిలబడి చూస్తారో, సూది ఎవరు వేస్తారో కూడా రాసుకోండి. మా కాగితంలో అది లేదు.

గౌరి 2021 చలికాలంలో, పదహారో ఏట పోయింది. ఇప్పుడు మా దొడ్లో అయిదు వున్నాయి. అమ్మడం లేదు, పెంచడం లేదు, చూసుకుంటున్నాము. గౌరి ఉన్ని వడికి అల్లిన శాలువ ఒకటి వుంది. చలిరోజుల్లో మావారు అదే కప్పుకుంటారు. చూడవచ్చినవాళ్ళు చాలా మెత్తగా వుంది, ఖరీదెంత అని అడిగితే, "పన్నెండువేల డాలర్లు" అంటారు. వాళ్ళు నవ్వుతారు. ఆయనా నవ్వుతారు.