లెక్కకు వచ్చువారు, పిలుపునకు వచ్చువారు

మా పట్టణమందలి యొక పఠనమందిరమువారు రెండేండ్లక్రిందట ఫేసుబుక్కునం దొక పుట తెరచిరి. ఉత్సాహవంతులగు యువకులు నలుగురైదుగురు దాని భారము వహించిరి. కొలదిమాసములలోనే వేలకొలది జనులు ఆ పుటకు అనుచరులైరి. అంతలో వర్షకాలము వచ్చెను. మందిరపు పైకప్పు కారుచుండెను. బీరువాలలోని పాతసంపుటములు చెమ్మకు చెడుచుండెను. మరమ్మతునకు చందాలు పోగుచేయుటకై ఆదివారము సాయంత్రము సభ జరుగునని యువకులు ఆ పుటయందే ప్రకటించిరి. ప్రకటనకు వందలకొలది మెప్పుగురుతులు వచ్చెను. సభకు వచ్చినవారిని మాత్రము వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. వారిలోను పెక్కురు అట్టి పుట యొకటి కలదని యెరుగని వృద్ధులు. దినదినమును మందిరమునకు వచ్చి పత్రికలు చదువుకొనువారు. ఆ సభలో మేమును ఉంటిమి. యువకుల ముఖములు వాడిపోవుట చూచి మాకు జాలి కలిగెను. వారిని నిందించుటకు గాదు, వారివంటివారికి తోడ్పడుటకే మే మీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

లోప మెక్కడ నున్నది? సామాజిక మాధ్యమములే వ్యర్థవ్యాపారమని కొందరు పెద్దలు తీర్మానించుచున్నారు. అనుచరుల సంఖ్య చాలలేదు, ఇంకను పెంచవలయునని కొందరు యువకులు చెప్పుచున్నారు. ఈ రెండింటిలో దేనినిగాని మే మంగీకరింపజాలము. ఫేసుబుక్కు 2004లోను, యూట్యూబు 2005లోను, వాట్సాపు 2009లోను, ఇన్‌స్టాగ్రాము 2010లోను పుట్టినవి. పల్లెలోని రైతునకును, విదేశమందలి యతని కుమారునకును ఒక్కక్షణమున ఒకే మాట వినిపింపగల సాధనము మన తాతలకు లేకుండెను. అది చేతికి రాగా కాలదన్నుట వివేకము గాదు. ఇక సంఖ్య సంగతి. సంతలో మన దుకాణము ముందునుండి నడచిపోయినవారందరును మన ఖాతాదారులు గారు. ఒకమారు వ్రేలితో నొక్కి ముందునకు సాగిపోయినవాడు మన శ్రోత కాడు. శ్రోత యనగా మరల వచ్చువాడు, బదులు పలుకువాడు, పనిపడినప్పుడు లేచి వచ్చువాడు.

అనుచరులు పదివేలమంది యున్నచో మనము వ్రాసినది పదివేలమందికిని చేరునని యనుకొనుటయే మొదటి పొరపాటు. తపాలాబంట్రోతు ఉత్తరమును విలాసదారునకు అందించినట్లు ఈ యంత్రములు అందింపవు. ఎవడు దేనిని చూచి నిలుచును, దేనికి బదులు వ్రాయును, దేనిని ఇతరులకు పంపును అను సంగతులను గణించి, ఎవనికి ఏది ముందు చూపవలయునో సంస్థవారి యంత్రమే నిర్ణయించును. జను లెంతసేపు నిలిచిన సంస్థవారికి అంత ప్రకటనల రాబడి. 2018 జనవరిలో ఫేసుబుక్కువారు, స్నేహితులును బంధువులును పరస్పరము ముచ్చటించుకొను రాతలకు ఇకమీదట ప్రాధాన్య మిత్తుమని ప్రకటించిరి. వినుట కింపుగనే యున్నది. కాని 2021లో ఆ సంస్థయొక్క అంతరంగపత్రములు బయటపడగా, ఆ మార్పు కోపమును రెచ్చగొట్టు రాతలకు మేలు చేయుచున్నదని సంస్థలోనివారే హెచ్చరించియుండిరని లోకమునకు తెలిసెను. ఏలయన, నెమ్మదిగ చెప్పిన మంచిమాటకు మనుజుడు తలయూచి యూరకుండును; కోపము తెప్పించిన మాటకు వెంటనే బదులు వ్రాయును. యంత్రమునకు బదులు కావలయునుగాని దాని రుచి యక్కరలేదు.

ప్రమాద మిక్కడనే యున్నది. నాలుగు తిట్లు వ్రాసిన నలువదిరెట్లు జనము చేరునని తెలిసికొన్న పిమ్మట, చేయి ఆ వైపునకే పోవును. అట్లు చేరినవారు మన పనికొరకు వచ్చినవారు గారు, జగడము చూడ వచ్చినవారు. జగడము ముగియగానే మరియొక జగడమున్నచోటికి పోవుదురు. వదంతులవలన చేరు జనముకంటె చేరని జనమే మేలు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారులు సెల్లుఫోనులలో వ్యాపించి, మనదేశమున పలుచోట్ల నిరపరాధులు గుంపులచేతులలో హతులైరి. ఆ సంవత్సరమే వాట్సాపువారు మనదేశమున ఒక సందేశమును ఒకమారు ఐదుచోట్లకు మించి పంపకుండ కట్టుబాటు చేసిరి. యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనవలసివచ్చినప్పుడు, దానిని వాడుకొను సంఘసేవకుడు ఎంత జాగ్రత్తగ నుండవలయునో వేరుగ చెప్పవలెనా?

రెండవ పొరపాటు, అద్దెయింటిని సొంతయిల్లని భ్రమించుట. 2020 జూను 29వ తేదీన మన కేంద్రప్రభుత్వము టిక్‌టాకుతో గూడ 59 యాప్‌లను నిషేధించెను. ఆ యుత్తరువు యోగ్యతను మే మిక్కడ చర్చింపబోవుటలేదు. పల్లెలలోను, చిన్నపట్టణములలోను ఏండ్లతరబడి కష్టపడి లక్షలకొలది చూపరులను సంపాదించుకొన్న మన తెలుగుబిడ్డ లెందరో ఆ దెబ్బతో వారి నెల్ల కోల్పోయిరి. ఆ చూపరులలో ఒక్కని పేరుగాని, ఊరుగాని వారియొద్ద లేకుండెను. ఆర్కుటు 2014లో మూతపడెను. ట్విట్టరు 2022లో చేతులు మారి, 2023లో పేరే మార్చుకొనెను. అద్దెకున్నవానికి న్యాయస్థానములలో కొన్ని హక్కులైన గలవు. ఈ యిండ్లలో గృహస్థుని షరతులే చట్టము. న్యాయవాదవృత్తిలో నున్న మే మొక్క మాట చేర్చెదము. 2015 మార్చి 24వ తేదీన శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షనును కొట్టివేసి, ఈ మాధ్యమములందు మాటలాడు స్వేచ్ఛను కాపాడిరి. ధన్యులు. కాని మాటలాడు హక్కును న్యాయస్థానము కాపాడగలదు, వినువానిని ఇయ్యజాలదు. వానిని మనమే సంపాదించుకొనవలయును.

ఎట్లు సంపాదింపవలయునో తెలియవలెనన్న మన పత్రికల చరిత్రమే చాలును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరను ఆక్షేపణ యొకటి బయలుదేరెను. దానికి ప్రతాపరెడ్డిగారు కోపముతో బదులు వ్రాసియుండవచ్చును, పాఠకులు మెచ్చుకొనియుందురు, సంగతి యంతటితో ముగిసియుండును. ఆయన యట్లు చేయలేదు. మీ గ్రామములందలి కవుల రచనలను, వివరములను పంపుడని పత్రికాముఖమున కోరిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 కవులు కానవచ్చిరి. ఆనాడు మెప్పుగురుతులు లేవు. అనుచరుల లెక్క లేదు. పాఠకు డేల కదలెను? తన గౌరవమునకు సంబంధించిన సంగతి గనుక. తాను చేయగల పనినే, స్పష్టముగ, అడిగిరి గనుక. చేసినపని అచ్చులో కనబడునని నమ్మకముండెను గనుక. ఈ మూడే నేటికిని మూలసూత్రములు.

దక్షిణాఫ్రికాలో 1903లో ప్రారంభమైన ఇండియన్ ఒపీనియన్ పత్రికద్వారా గాంధీమహాత్ముడు చేసినదియు నిట్టిదే. పాఠకుల యుత్తరములను చదివి వారి మనస్సుల నెరిగెను. తరువాత ప్రకటనలను మానివేసి చందాదారులపైననే యాధారపడెను. మన కాలమునకు వత్తము. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా జీతమెరుగని స్వచ్ఛందసేవకులచే పెరుగుచున్నది. చదువవచ్చినవాడు అందొక తప్పు చూచి తానే దిద్దును. దిద్దినవాడు మరునాడొక వ్యాసము వ్రాయును. చదువరిని పనివానిగ మార్చు మార్గ మదియే.

కావున సంఘములవారికి, గ్రంథాలయములవారికి మే మిట్లు విన్నవించుకొనుచున్నాము. వారమున కొకమారైనను సరే, చెప్పినదినమున తప్పక వ్రాయుడు. వారపత్రికకు పరువు తెచ్చునది వారము తప్పకుండుటయే. ఎవరైన వ్యాఖ్య వ్రాసినచో పేరుపెట్టి పిలిచి బదులిండు. వాకిటికి వచ్చిన చుట్టమును పలుకరింపనివాడు విందునకు జనము రాలేదని వగచుట తగునా? పొరపాటు దొరలినచో తుడిచివేసి యూరకుండక, ఒప్పుకొని దిద్దుడు. ఊరక మెచ్చుకొండని యడుగక, అరగంటలో చేయగల చిన్నపని యొకటి యడుగుడు. చేసినవాని పేరు పదిమందికి చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇచ్చగించినవారి పేర్లును, విలాసములును వారి యనుమతితో మీ సొంతపట్టీలో వ్రాసికొని, ఇతరుల కియ్యక కాపాడుడు. మాధ్యమము మూతపడినను ఆ పట్టీ మీచేత నుండును.

ఆ పఠనమందిరపు యువకులు నిరాశపడి కూర్చుండలేదు. సభ జరిగిన మరువారము వారు చందా యడుగలేదు, "ఈ మందిరమున మీరు మొదట చదివిన పుస్తక మేది?" అని మాత్ర మడిగిరి. బదులు వ్రాసినవారు కొలదిమందియే. కాని అందొకరు విదేశమునుండి, తమ తండ్రిగారు ఏ బల్లయొద్ద కూర్చుండెడివారో వ్రాసిరి. యువకులు ఆ బల్లను వెదకి ఛాయాచిత్రము తీసి పంపిరి. అట్లు ఒక్కొక్కరితోడను మాట కలిసెను. ఇప్పుడు వారి పట్టీలో నున్న పేర్లు వేలు గావు, వంద నిండలేదు. అయినను పైకప్పు సగము బాగుపడినది. రెండవ సగము వచ్చు వర్షములలోపల ముగియవలయును. ఆ పనికై పిలుచు సభ కీమారు కుర్చీలు చాలకపోవచ్చునని మా యాశ. మా పాఠకులలో ఆ పుటకు మెప్పుగురుతు పెట్టినవా రున్నచో, వారికొక మనవి: ఈ ఆదివారము లేచి రండు.