శ్రోతలు లేని పోటీ

క్రికెట్టు పందెముల ఫలితములకై తెల్లవారకమునుపే వార్తాపత్రిక కొరకు వీథివాకిట నిలుచువారిని, ఏ నియోజకవర్గమున ఏ యభ్యర్థి ఎన్ని వోట్ల ఆధిక్యమున గెలిచెనో కంఠస్థముగా అప్పగింపగలవారిని లోకము వింతగా చూడదు, కాని పాఠశాలల బ్యాండు పోటీలలో ఏ జట్టు ఏ యేట ఎట్లు వాయించెనో జ్ఞాపకముంచుకొని, మరుసటి యేటికి అది వృద్ధిపొందినదా, క్షీణించినదా యని విచారించుచు మైదానముల వెంబడి తిరుగువా డొకడున్నాడనిన, "మీ పిల్లవాడు అందులో ఉన్నాడా?" అని వెంటనే అడుగును. లేడని చెప్పినచో పిమ్మట నేమడుగవలెనో ఎవరికిని తోచదు. ముళబాగిలు తాలూకాలోని మా కురుడుమలెలో నేను చిరకాలమునుండి ఇట్టి వింతమనిషిగానే చెలామణి యగుచున్నాను. అందుకు నాకు చింత లేదు. పిల్లలు నెలల తరబడి కష్టించి సిద్ధపరచిన వాద్యమును వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, న్యాయనిర్ణేతలు తప్ప వినువారు లేకపోవుటయే నా చింత. మన బ్యాండు పోటీలకు బహుమతులు కలవు, అతిథులు కలరు, ఉపన్యాసములు కావలసినదానికంటె ఎక్కువగనే కలవు. రసికులు మాత్రము లేరు.

గణతంత్రదినోత్సవమునకు అనుబంధముగా కేంద్ర విద్యామంత్రిత్వశాఖయు రక్షణ మంత్రిత్వశాఖయు కలిసి పాఠశాలలకు జాతీయస్థాయి బ్యాండు పోటీ నడుపుచున్నవన్న సంగతి ఈ వ్యాసము చదువువారిలో ఎందరికి తెలియునో నేను చెప్పజాలను. బాలుర బ్రాస్ బ్యాండు, బాలికల బ్రాస్ బ్యాండు, బాలుర పైప్ బ్యాండు, బాలికల పైప్ బ్యాండు అని నాలుగు తెగలు. రాష్ట్రములలో నెగ్గిన జట్లు తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ మండలములలో తలపడగా, చివరకు 16 జట్లు ఢిల్లీ చేరును. 2025లో ఆ అంతిమపోటీ జనవరి 24, 25 తేదీలయందు మేజర్ ధ్యాన్‌చంద్ జాతీయ క్రీడాంగణమున జరిగినది. ఆ యేట ప్రతి తెగలోను ప్రథమ బహుమతి 21,000 రూపాయలు, ద్వితీయము 16,000, తృతీయము 11,000. మిగిలిన నాలుగవ జట్టుకు ఓదార్పుగా 3,000. ఈ ధనముతో మంచి వాద్యములు రెండైనను వచ్చునో రావో. కనుక ఆ పిల్లలు ధనాశచే వాయించుచున్నారని ఎవరును అనలేరు. మరి దేనికై వాయించుచున్నారు? వినువా డొకడుండునను ఆశచేతనే కదా.

వినుటకు అందులో నేమున్నది, సినిమాపాటయో దేశభక్తిగీతమో నడుచుచు వాయింతురు, అంతేకదా యని పెద్దలు కొందరు నాతో ననిరి. నడుచుచు వాయించుట యనునది ఎంతటి దుస్సాధ్యమో వారు తలపోయలేదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల దూరము పోవును. బ్యాండు 34 మీటర్ల మేర విస్తరించి నిలిచినదనుకొనుడు. వెనుక పంక్తిలో పెద్దడోలుపై పడిన దెబ్బ ముందు పంక్తివాని చెవికి సెకనులో పదవవంతు ఆలస్యముగా చేరును. నిమిషమునకు 120 అడుగుల క్విక్‌మార్చ్‌లో అడుగునకును అడుగునకును నడుమ వ్యవధి అరసెకను మాత్రమే. అనగా ఆ ఆలస్యము అడుగులో అయిదవవంతు. వాయించువా డెవడైనను తన చెవినే నమ్ముకొనెనా, తాళము చెదరిపోవును. అందుచేత వారందరు చెవిని కొంత యణచిపెట్టి, డ్రమ్ మేజరు చేతి దండమును కంటితో పట్టుకొని, కన్ను చెప్పిన కాలమునకు ఊపిరిని లోబరచుకొనవలెను. సంగీతజ్ఞునకు చెవియే సర్వస్వమని మనము తలచియుండగా, పదునాలుగేండ్ల బాలిక యొకతె చెవిని శంకించుట నేర్చుకొని మైదానమున నిలుచుచున్నదనిన, అది సామాన్యమైన శిక్షణ కాదు.

మలుపు తిరుగుట మరొక పరీక్ష. వరుస చక్రాకారముగ మళ్లునపుడు లోపలి కొసనున్నవాడు దాదాపు నిలుచున్నచోటనే అడుగులు వేయుచుండగా, బయటి కొసనున్నవాడు కాళ్లు చాచి నడవవలెను. అడుగు పొడవైనకొద్దీ దేహము కుదుపునకు లోనగును, ఆ కుదుపు ఊపిరికి, ఊపిరినుండి స్వరమునకు ఎక్కును. బ్రాస్ బ్యాండులో ట్రాంబోనులను తరచుగా ముందువరుసలో నిలుపుదురు, దాని జారుగొట్టము ముందునకు సాచుటకు చోటు కావలెను గనుక. మలుపు వచ్చినపుడు నేను బయటి కొసనున్న ట్రాంబోనువానినే చూతును. వాని దీర్ఘస్వరము వణకకుండ నిలిచినచో ఆ పాఠశాలలో శిక్షకుడు గట్టివాడని నిశ్చయింతును. ఇది న్యాయనిర్ణేతల శాస్త్రమున నున్నదో లేదో నాకక్కరలేదు. అభిమానికి తన కొలమానములు తనకుండవలెను, లేకున్న వాడు చప్పట్లు చరచు యంత్రమే యగును.

ఇక పైప్ బ్యాండు. బ్యాగ్‌పైపునకు మొత్తము తొమ్మిది స్వరములే. సంచికి తగిల్చిన మూడు గొట్టములు ఎడతెగక శ్రుతి నిచ్చుచుండును. మన జానపదగాయకులు శ్రుతికై వాడిన తోలుతిత్తికిని దీనికిని దూరపు చుట్టరికము లేకపోలేదు. పైపువాడు నడుమ నిలిపి శ్రుతి సరిచేసికొనుటకు వీలులేదు, స్వరము మెల్లగా నూదుటకు వీలులేదు, తప్పు వచ్చినచో దాచుటకు అసలే వీలులేదు. పదిమంది పైపులవారు ఒక్క క్షణమున సంచిని చంకలో నొత్తి నాదము పుట్టించుటలోనే వారి సంవత్సరపు కృషి యెంతటిదో బయటపడును. ఒక్కడు క్షణకాలము ముందుగనో వెనుకగనో నొక్కినచో ఆ మూలుగు మైదానమంతయు వినబడును. ఆపైన ఎంత చక్కగ వాయించినను తెలిసినవాని చెవిలో ఆ మూలుగు నిలిచియే యుండును.

ఇవియన్నియు పరదేశపు సూక్ష్మములు, మా పల్లెజనమునకు పట్టవు అనువారికి నేను ఒప్పుకొనను. మా కురుడుమలె కొండ క్రింద పదమూడున్నర యడుగుల ఏకశిలాగణపతియు, చోళులనాటి సోమేశ్వరాలయమును కలవు. ఎన్నికలు వచ్చినపుడు రాజకీయనాయకులు ఈ గణపతికి మ్రొక్కి ప్రచారము ఆరంభించుట ఒక ఆచారమైనది. వారు ఏ పక్షమువారైనను కారు దిగగానే ముందుగా వినబడునది తమటె యను చర్మవాద్యమే. తెలుగును కన్నడమును ఒకే నోట పలుకు ఈ సీమలో తమటె వినుటకు ఎవరును ఎవరికిని నేర్పనక్కరలేదు. గడ్డి మంట వేసి చర్మమును కాచి శ్రుతి నెక్కించుట, కొంతసేపు వాయించినపిదప చర్మము సడలగానే మరల మంటకడకు పోవుట మా పిల్లలకు పాలుత్రాగు నాటినుండియు చూచిన సంగతి. జాతరలో రెండు దళములు ఎదురెదురుగ నిలిచి వాయించునపుడు, ఏ దళము దరువును బిగువుగ నడుపుచున్నదో, ఏది పొంగి పరుగెత్తి పిమ్మట ఆయాసపడుచున్నదో, అరుగుమీద కూర్చున్న అవ్వ సైతము చెప్పగలదు. చిక్కబళ్లాపుర జిల్లా శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లికి చెందిన తమటె విద్వాంసుడు మునివెంకటప్పగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఆ చిక్కబళ్లాపుర ప్రాంతము 2007 వరకు మా కోలారు జిల్లాలోనిదే. ఆ పురస్కారము మా ప్రాంతపు చెవులకు కూడ వచ్చినదని నేను భావింతును, వినువారు లేనిచోట అట్టి వాద్యకారుడు పుట్టడు గనుక.

మంట సెగకు చర్మపు శ్రుతి ఎక్కునని ఎరిగినవానికి, చలికి ఇత్తడివాద్యపు శ్రుతి దిగునని చెప్పుటకు ఎంతసేపు పట్టును? గొట్టములోని గాలి చల్లబడినకొద్దీ స్వరము క్రుంగును. ఇచ్చటి ఎండలో సాధనచేసిన బాలబాలికలు జనవరి నెలలో ఢిల్లీ మంచులో నిలిచి వాయింపవలసివచ్చినపుడు, వారు తమ తోడిజట్లతోనే కాక ఉత్తరదేశపు శీతగాలితోను పోటీపడుచున్నారు. వాద్యములను ఊపిరితో వెచ్చగా నుంచుకొనుచు తమ వంతుకొరకు నిరీక్షించుటయు ఆ విద్యలో భాగమే. ఈ సంగతి తెలిసినవాడు ఫలితము చదువు తీరే వేరుగ నుండును.

దక్షిణదేశమున బ్యాండువాద్యము దండు దారిని, చర్చి దారిని ప్రవేశించినది. జాన్ టేలర్ కంపెనీవారు 1880లో కాలుమోపిన పిదప మా జిల్లాలోని బంగారుగనులచుట్టు ఒక చిన్న ఇంగ్లండే వెలసినది; 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చి, క్లబ్బులు, గోల్ఫు మైదానములు, మిషను పాఠశాలలు నెలకొన్న ఆ పట్టణమున 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఈ చరిత్రవలన బ్యాండనగా దొరల వేడుక, జెండావందనమునకు అలంకారము అను భావము మనలో పాతుకొనిపోయినది. దీనికి ఖండనము మైసూరు సంస్థానమే యెన్నడో చెప్పినది. అచ్చట ఆంగ్లబ్యాండుతోపాటు కర్ణాటకబ్యాండును పోషించి, పాశ్చాత్యవాద్యములపై మన కృతులను వాయింపజేసిరి. పోలీసుశాఖ చేతికి వచ్చిన ఆ సంప్రదాయమును దసరా ఉత్సవములలో నేటికిని వినవచ్చును. స్వాతంత్ర్యానంతరము జనరల్ కరియప్ప ప్రోత్సాహమున 1950లో పచ్‌మఢీయందు సైనికసంగీత శిక్షణశాల యేర్పడినది. ఆ విద్య పాఠశాలలవరకు దిగివచ్చిన ఇప్పుడు కూడ దానిని అలంకారముగనే చూచుట మన అజాగ్రత్త.

అమెరికాలో ఇందుకు పూర్తిగ విపరీతము. అచ్చటి ఉన్నతపాఠశాలల బ్యాండ్లకు 'బ్యాండ్స్ ఆఫ్ అమెరికా' అను సంస్థ ఇండియానాపొలిస్ నగరమున మహాపోటీ నడుపును. ఫుట్‌బాలు కొరకు కట్టిన లూకాస్ ఆయిల్ స్టేడియమున, ఆ పిల్లలలో ఒక్కరితోనైనను బంధుత్వము లేనివారు టిక్కెట్లు కొని కూర్చుందురు. నూరు మార్కులలో 60 మార్కులు ప్రదర్శన మొత్తముమీద కలిగించిన ప్రభావమునకే. మిగిలిన 40 వాద్యనైపుణ్యమునకు, నడకకు. ఈ పంపకము న్యాయమా కాదా యని అభిమానులు ఏండ్ల తరబడి వాదులాడుకొనుచుందురు. దశాంశబిందువు తరువాతి అంకెకై స్నేహములు చెడునేమో యని కూడ నా కనుమానము. 2019లో ఆ జాతీయవిజేత టెక్సస్ రాష్ట్రపు వాండెగ్రిఫ్ట్ పాఠశాల. అదే టెక్సస్‌లో డాలస్ చుట్టుపట్ల మన తెలుగు కుటుంబములు వేలసంఖ్యలో నున్నవి, వారి పిల్లలును బ్యాండులో చేరుచున్నారు, తండ్రులు వారాంతములలో నీళ్లసీసాలు మోసి మైదానము ప్రక్కన నిలుచున్నారు. వారి అన్నదమ్ములే ఇచ్చట తమ పిల్లవాడు క్లారినెట్టు పట్టుకొన్నచో, పదవతరగతి పరీక్షలు దగ్గరపడుచున్నవి, ఇదేల యని కసరుకొందురు!

అమెరికాపద్ధతిని యథాతథముగ దింపుకొనవలెనని నేననను. అచ్చట ప్రదర్శనలకు లారీలనిండ తెరలు, వేదికలు తరలించుచున్నారు. ధనము లేని పాఠశాల ఎంత చక్కగ ఊదినను ఆ వైభవము ముందు వెలవెలబోవును. మన పోటీ ఆ రోగమునకు ఇంకను దూరముగ నున్నది, ఉండవలెను కూడ. అచ్చటినుండి తెచ్చుకొనదగినది ఆ శ్రోత యొక్కడే: తనవారు లేకున్నను వచ్చువాడు, వినువాడు, గుర్తుంచుకొనువాడు, మరుసటి యేడు మరల వచ్చువాడు.

అభిమానులు చేరినచో పిల్లలపై ఒత్తిడి హెచ్చునని ఒక ఆక్షేపణ కలదు. అందులో సత్యము లేకపోలేదు. ఆటగాండ్రను తిట్టినట్లు పిల్లలను తిట్టువారు చేరినచో ఆ పోటీ మూతపడుటయే మేలు. అభిమాని విమర్శ జట్టుమీద, శిక్షణమీద, ఎన్నుకొన్న బాణీమీద నుండవలెనే గాని, తప్పుస్వరము నూదిన బాలుని మీద నుండరాదు. ఈ నియమమును నేను నా మట్టుకు నిష్ఠగ పాటించుచున్నాను. కాని యథార్థమునకు, తమ వాద్యమును ఎవరును వినకపోవుటకంటె ఎక్కువగ పిల్లలను క్రుంగదీయునది వేరొకటి లేదు. ముఖ్య అతిథి రాక ఆలస్యమై ఎండలో నిలిచి, ఆయన వచ్చినపిదప ఆయన ఫోనులో మాటలాడుచుండగా వాయించిన జట్లను నేను చూచితిని. బహుమతి యెవరికో ప్రకటింతురు. ఎందుకు వచ్చినదో, రానివారికి ఏమి కొరవడినదో చెప్పువారుండరు. కారణము చెప్పని తీర్పువలన గెలిచినవానికి గర్వము, ఓడినవానికి అనుమానము తప్ప మరేమియు మిగులదు.

కనుక విద్యాశాఖవారికి నా మనవి యిది. జిల్లాలోను రాష్ట్రములోను బ్యాండు పోటీ జరుగు తేదీని, స్థలమును పదిదినములు ముందుగ పత్రికలలో ప్రకటింపుడు, మైదానపు గేట్లు ప్రజలకు తెరువుడు. న్యాయనిర్ణేతలలో ఒకరైనను ఫలితముతోపాటు ప్రతి జట్టునుగూర్చి నాలుగు మాటలు మైకులో చెప్పునట్లు చూడుడు. జాతీయపోటీలో తెగలు నాలుగే యున్నను, మా జిల్లా పోటీలో తమటె దళమునకు ఐదవ తెగ నొకదానిని ఏర్పరచినచో అడ్డుచెప్పువారుండరు. ఆ తెగకొరకై వచ్చిన జనము మిగిలిన నాలుగును విని పోవుదురు. ఇందుకు కొత్తగ ధనము అక్కరలేదు, ఒక ప్రకటనయు, మైదానమున ఒక తాటాకు పందిరియు చాలును. పాఠకులును ఆ ప్రకటన వెలువడిన దినమున తమ పనులు కొంత సవరించుకొని, ఒక పూట మైదానమునకు వచ్చి, చివరి జట్టు వాయించువరకు కూర్చుండవలెనని కోరుచున్నాను.