ఆకాశపు రాళ్లకు కొలత

పిడుగురాళ్ల పేరులోనే పిడుగును రాయియు జంటగా నున్నవి. పిడుగుతో రాయి పడునని పూర్వులు తలచుచుండిరి. పిడుగున రాయి లేదని నేడు మన మెరుగుదుము; కాని ఆకాశమునుండి రాళ్లు పడుట మాత్రము నిజము. 2013 ఫిబ్రవరి 15వ తేదీని రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఇంచుమించు 20 మీటర్ల రాయి గాలిలోనే బ్రద్దలు కాగా, అద్దములు పగిలి వేయిమందికి పైగా గాయపడిరి. ఇట్టి రాళ్ల పరిమాణము నెరుగుట ప్రాణరక్షణకు సంబంధించిన కార్యము.

దూరదర్శినిలో గ్రహశకలము వట్టి వెలుగుచుక్కగా కనబడును. ఆ వెలుగును బట్టి పరిమాణము నిర్ణయింప వీలులేదు. ఈ సంగతి పలనాటివారికి విస్తరించి చెప్పనక్కరలేదు. బట్టీలో కాలిన తెల్లని సున్నపుగడ్డ చిన్నదైనను ఎండలో కండ్లు మిరుమిట్లు గొలుపును. నల్లని నాపరాయి పెద్దదైనను వెలుగదు, కాని కాలు మోపినచో చురుక్కుమనును. గ్రహశకలములును అట్టివే. కొన్ని తమపై బడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్లే త్రిప్పి పంపును. కొన్ని ముప్పది పాళ్లకు మించి పంపును. మిగిలినది వేడియై పరారుణ కిరణముల రూపమున వెలువడును. కావున పరిమాణమునకు వెలుగుకంటె వేడియే నమ్మదగిన సాక్షి. ఆ కిరణములలో చాలభాగమును మన గాలి మ్రింగివేయును గనుక, కొలుచు యంత్రమును అంతరిక్షమునందే నిలుపవలయును.

ఈ పనికి 1983లో ఐరాస్ అను ఉపగ్రహము పునాది వేసెను. 2006లో జపానువారి అకారియు, 2009లో అమెరికావారి వైజును బయలుదేరెను. ఈ వైజే పిదప నియోవైజ్ అను పేర పనిచేసి, లక్షకు పైగా శకలములను పరిశీలించి, 2024 ఆగస్టులో విరమించెను. ఆ డిసెంబరు 27ననే చిలీలోని దూరదర్శినికి 2024 వైఆర్4 అను శకలము కనబడెను. అది 2032 డిసెంబరు 22న భూమిని తాకు అవకాశము 2025 ఫిబ్రవరిలో నూటికి మూడు పాళ్ల వరకు పెరిగెను. పడినచో పడదగిన దారిలో దక్షిణాసియాయు నుండెను! వెలుగును బట్టి దాని అడ్డుకొలత 40 మొదలు 90 మీటర్లని మాత్రమే చెప్పగలిగిరి. ఈ రెండు కొలతల నడుమ బరువు పదకొండింతలు మారును. ఇంత భేదమున్నప్పుడు ఏ ప్రభుత్వము ఏమని ఏర్పాటు చేయగలదు? భూమికి ప్రమాదము లేదని లెక్కలు త్వరలోనే తేల్చెను. మార్చిలో జేమ్స్ వెబ్ దూరదర్శిని దాని వేడిని గ్రహించి, కొలత ఇంచుమించు 60 మీటర్లని స్థిరపరచెను.

1861లో మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ దొర కనుగొనిన శకలమునకు 'ఆసియా' యని పేరు. ఈ ఖండమునుండి కనుగొనబడిన మొదటిది యదియే. నేడు తెలుగుగడ్డయైన శ్రీహరికోటనుండి మన రాకెట్లు లేచుచున్నవి. అయినను శకలముల వేడిని కొలుచు ఉపగ్రహము మనకు స్వంతముగా లేదు. అమెరికావారు 2027లో మరియొకటి పంపదలచియున్నారు గదా, మనకేల యని కొంద రందురు. పొలము సరిహద్దు కొలుచునపుడు గొలుసు ఎల్లప్పుడును పొరుగువాని చేతనే యుండుటకు ఏ రైతు సమ్మతించును? నియోవైజ్ ఆగిన అయిదు నెలలలోపలనే కొలువవలసిన రాయి కనబడినది. ఒక్క యంత్రము ఆగిన మరియొకటి యుండవలయును. ఆ రెండవది మనదై, దాని కొలతలు సర్వదేశములకు అందుబాటులో నుండవలయునని మా అభిప్రాయము. ప్రభుత్వమువారును, విశ్వవిద్యాలయములును ఈ విషయమున ఇకనైనను ఆలస్యము చేయకుందురుగాక.